బ్రెహ్ట్ మనల్ని ఎందుకు ఏడ్వనియ్యడు?

నాటకం చూసి జనం ఏడిస్తే ఆ నాటకం గెలిచినట్టేనని మన దగ్గర ఒక గట్టి నమ్మకం. తెర పడ్డాక కొంగుతో కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చే ఆడవాళ్లను, మాట రాక బీడీ ముట్టించుకునే మగవాళ్లను చూసి నాటక సమాజం వాళ్లు మురిసిపోతారు. ఏడ్చినవాళ్లు తెల్లారి ఏం చేస్తారని మాత్రం ఎవరూ అడగరు. దొర చేతిలో చచ్చిన రైతు కోసం రాత్రి ఏడ్చిన పెద్దమనిషే పొద్దున లేచి తన జీతగాని జీతం కోస్తాడు. ఈ రెండు పనుల మధ్య ఆయనకు ఏ ఇబ్బందీ ఉండదు. పైగా రాత్రి ఏడ్చాడు కాబట్టి తాను మంచివాడినన్న భరోసా కూడా దొరుకుతుంది. టికెట్టు పైసలకు ఇంతకంటే లాభసాటి బేరం ఎక్కడుంది?

ఈ కన్నీటి బేరం మీద జీవితమంతా కొట్లాడినవాడు బెర్టోల్ట్ బ్రెహ్ట్. 1898 ఫిబ్రవరి 10న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి కాగితపు మిల్లులో పైస్థాయి ఉద్యోగి. అంటే కష్టజీవుల ఇంట్లో పుట్టినవాడేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, సైనిక ఆసుపత్రిలో సహాయకుడిగా పనిచేశాడు. దేశభక్తి గీతాలు పాడుకుంటూ పోయిన పిల్లలు ఏ తీరుగా తిరిగొచ్చారో అక్కడ చూశాడు. 1922లో మ్యూనిక్‌లో ఆడిన ‘రాత్రిలో డప్పులు’ నాటకానికి ప్రేక్షకుల చుట్టూ అట్టలు వేలాడదీయించాడు. కలల్లో తేలిపోతూ కళ్లప్పగించి చూడొద్దని వాటి మీద హెచ్చరికలు. ఇరవై నాలుగేళ్ల పిల్లగాడు డబ్బిచ్చి వచ్చిన జనాన్నే దబాయించాడన్నమాట. ఆ దబాయింపే తర్వాత సిద్ధాంతమైంది.

ఆ సిద్ధాంతం పేరు ఎపిక్ థియేటర్. పేరు చూసి భయపడాల్సిన పని లేదు. అరిస్టాటిల్ కాలం నుంచి నాటకం పని ఏమిటని చెప్పుకున్నారు? ప్రేక్షకుడు నాయకుడితో ఒకటైపోవాలె, అతని కష్టానికి జాలిపడాలె, భయపడాలె, చివరికి మనసు కడిగేసుకుని తేలిగ్గా ఇంటికి పోవాలె. బ్రెహ్ట్ అభ్యంతరమంతా ఆ తేలికదనం మీదనే. లోపలున్న కోపం, బాధ నాటకశాలలోనే ఖర్చయిపోతే బయట దేనికి మిగుల్తాయి? నాయకుడి కష్టం విధిరాత లాగా కనిపిస్తే దాన్ని మార్చొచ్చన్న ఊహ ఎట్లా వస్తుంది? 1930లో ‘మహాగొన్ని’ సంగీత నాటకానికి రాసిన వివరణలో పాత నాటకానికీ కొత్త నాటకానికీ ఉన్న తేడాలను ఒక పట్టికగా వేశాడు. ఆ పట్టికను చూసి చాలామంది బ్రెహ్ట్ భావోద్వేగానికే శత్రువని తీర్మానించేశారు. ఇవి పూర్తి విరుద్ధాలు కావని, దేనికి ఎక్కువ బరువియ్యాలన్నదే తేడా అని ఆ పట్టిక కిందనే ఆయన చెప్పుకున్నాడు. కింద రాసింది చదివే అలవాటు విమర్శకులకు ఏ దేశంలోనూ ఉన్నట్టు లేదు.

ఆయన ఆలోచనను పట్టుకోవాలంటే పట్టిక కంటే ‘వీధి దృశ్యం’ అనే చిన్న వ్యాసం మేలు. రోడ్డు మీద ప్రమాదం జరుగుతుంది. చూసినవాడొకడు తర్వాత గుమిగూడిన జనానికి ఏం జరిగిందో చేసి చూపెడతాడు. బ్రెహ్ట్ తన రంగస్థలానికి నమూనాగా తీసుకున్నది ఇదే. మన చౌరస్తాకు తెచ్చుకుని చూడండి. లారీ సైకిలును గుద్దింది. పక్కన పాన్‌డబ్బా అతను చూశాడు. ‘లారీ ఇట్లా మలిగింది, ముసలాయన ఇట్లా పక్కకు చూసిండు’ అని కాలు కొంచెం ఈడ్చి చూపిస్తాడు. తానే ముసలాయన అయిపోడు. అయిపోవాల్సిన పని కూడా లేదు. జనం ‘అబ్బ, ఏం చేసిండురా’ అని అతన్నే చూస్తూ నిలబడితే అతను చెప్పదలచుకున్నది చెడినట్టే. తప్పెవరిదో జనం తేల్చుకోవాలె. ముసలాయన చూసుకోలేదా, డ్రైవరు నిద్రలో ఉన్నాడా? నిద్రలో ఉంటే ఎన్ని గంటల నుంచి బండి నడుపుతున్నాడు? నడపమన్నదెవరు? ఒక్క కాలు ఈడ్పు నుంచి లారీ యజమాని దాకా ప్రశ్న పోతుంది. ఏడుపు అంత దూరం నడవలేదు.

ఇక మిగిలినవన్నీ ఈ ప్రశ్నను బతికించడానికి చేసిన ఏర్పాట్లు. దీపాలు దాచకుండా ప్రేక్షకులకు కనిపించేట్టు పెట్టడం, సగం ఎత్తు తెర, జరగబోయేది ముందే అట్ట మీద రాసి చూపడం, కథ నడుమ ఆపి పాట పాడటం. ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ తీసేస్తే, ఎట్లా జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అన్న దాని మీదికి చూపు మళ్లుతుంది. పాట గురించి ఒక్క మాట. మన సినిమాల్లో పాట కథను మరిచిపోనిస్తుంది. బ్రెహ్ట్ పాట కథకు అడ్డం పడి, నటుడు తన పాత్రనే ప్రశ్నించేట్టు చేస్తుంది.

ఇక్కడ మాటల గందరగోళం ఒకటుంది. బ్రెహ్ట్ వాడిన జర్మన్ మాట ‘ఫెర్‌ఫ్రెమ్డుంగ్’. ఇంగ్లీషులో దాన్ని ‘ఎలియనేషన్’ అన్నారు. అక్కడి నుంచి తెలుగులోకి ‘పరాయీకరణ’గా వచ్చి కూర్చుంది. పరాయీకరణ మార్క్స్ చెప్పిన జబ్బు. శ్రామికుడు తన శ్రమకు, తను చేసిన వస్తువుకు, చివరికి తనకు తానే పరాయివాడు కావడం. దానికి జర్మన్ మాట వేరే ఉంది. బ్రెహ్ట్ చెప్పింది జబ్బు గురించి కాదు, మందు గురించి. రోజూ చూసి చూసి కళ్లకు ఆనకుండా పోయినదాన్ని కొత్తగా, వింతగా కనిపించేట్టు చేయడం. కూలి తక్కువ ఉండటం, దొర ముందు చెప్పులు విప్పడం, ఆడపిల్ల చదువు ఆగిపోవడం, ఇవన్నీ ‘అంతే కదా’ అనిపిస్తున్నంత కాలం ఎవడూ కదలడు. ‘ఇదేంది, ఇట్లెందుకుంది’ అనిపించాలె. దీన్ని అపరిచితీకరణ అందాం. రెండింటినీ ఒకే మాటతో పిలిచినందుకు మన నాటకరంగం చాలా మూల్యం చెల్లించింది. మొహంలో ఏ భావం లేకుండా డైలాగులు అప్పజెప్పడమే బ్రెహ్ట్ పద్ధతి అనుకున్న ప్రదర్శనలు ఎన్ని వచ్చాయో!

సిద్ధాంతం ఎంత గట్టిదైనా జనం ముందు పెట్టినప్పుడు ఏమవుతుందో చెప్పలేం. 1928 ఆగస్టు 31న బెర్లిన్‌లో ‘మూడు పైసల సంగీత నాటకం’ మొదలైంది. రెండు వందల ఏళ్ల కిందటి జాన్ గే ఇంగ్లీషు నాటకం దానికి ఆధారం, సంగీతం కుర్ట్ వైల్‌ది. బందిపోటుకూ వ్యాపారికీ తేడా లేదని, బిచ్చం ఎత్తించడం కూడా ఒక పరిశ్రమేనని వెక్కిరించిన నాటకం అది. ఎవరిని వెక్కిరించిందో ఆ బెర్లిన్ ధనికులే ఎగబడి చూశారు. పాటలు కూనిరాగం తీసుకుంటూ ఇంటికి పోయారు. తిట్టును కూడా వినోదంగా కొనుక్కుని అరిగించుకునే శక్తి డబ్బుకు ఉందని బ్రెహ్ట్‌కు అప్పుడు అర్థమై ఉంటుంది. పాటతో ఎవరినో గాయపరిచామని సంబరపడే కళాకారులు ఈ అనుభవాన్ని జ్ఞాపకం పెట్టుకోవాలె.

ఆ తర్వాత ఆయన పెద్ద థియేటర్లను కొంతకాలం పక్కన పెట్టి, బడిపిల్లలు, కార్మిక గాయక బృందాలు తామే ఆడుకుని నేర్చుకునే బోధన నాటకాలు రాశాడు. అందులో ‘అవుననేవాడు’ కథ ఇది. తల్లి జబ్బుకు మందు తేవడానికి ఒక పిల్లవాడు బృందంతో కొండ దాటబోతాడు. దారిలో జబ్బు పడతాడు. అట్లాంటివాణ్ణి లోయలోకి తోసేసి ముందుకు పోవడం ఆచారం. పిల్లవాడు సరేనంటాడు, తోసేస్తారు. జపాను నో నాటకం నుంచి తీసుకున్న ఈ కథను 1930లో బెర్లిన్ నోయ్‌కోల్న్‌లోని ఒక బడిలో పిల్లలతో చర్చించారు. వాడెందుకు ఒప్పుకోవాలె అని పిల్లలు నిలదీశారు. మన దగ్గరైతే ఆ పిల్లల చెవి మెలేసేవాళ్లు. బ్రెహ్ట్ ఆ అభ్యంతరాలు ముందేసుకుని నాటకం మార్చాడు, దానికి జోడుగా ‘కాదనేవాడు’ రాశాడు. అందులో పిల్లవాడు ఒప్పుకోడు. కొత్త పరిస్థితిలో కొత్తగా ఆలోచించే ఆచారం పెట్టుకుందామంటాడు. బృందం వెనక్కి తిరుగుతుంది. ప్రేక్షకుడు ఆలోచించాలని చెప్పే రచయితలు చాలామంది ఉన్నారు. ప్రేక్షకుడు ఆలోచించి చెబితే తన నాటకం మార్చుకున్నవాళ్లు ఎందరు?

1933 ఫిబ్రవరి 27 రాత్రి జర్మన్ పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే బ్రెహ్ట్ దేశం విడిచాడు. మే నెలలో ఆయన పుస్తకాలు మంటల్లో పడ్డాయి, 1935లో పౌరసత్వం పోయింది. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, చివరికి 1941లో సోవియట్ యూనియన్ మీదుగా అమెరికా. ఆయన గొప్ప నాటకాలన్నీ ఎక్కువగా ఈ పరుగులోనే పుట్టాయి. తన భాష మాట్లాడే వేదిక లేదు, నటులు లేరు, ప్రేక్షకులు లేరు. పెట్టెలో పెట్టుకోవడానికి రాశాడు.

1939లో రాసిన ‘మదర్ కరేజ్’ దగ్గర కొంచెం సేపు ఆగాలె. 17వ శతాబ్దపు ముప్పై ఏళ్ల యుద్ధంలో ఒక బండి మీద సైనికులకు సరుకులు అమ్ముకుంటూ తిరిగే తల్లి కథ. యుద్ధం మీద బతకాలె, పిల్లల్ని మాత్రం యుద్ధానికియ్యొద్దు, అదీ ఆమె లెక్క. ముగ్గురు పిల్లలు. ఒక్కొక్కరినీ యుద్ధం మింగుతుంది. పెద్దవాడు యుద్ధంలో చేసి మెప్పు పొందిన దోపిడీనే రెండు రోజుల శాంతిలో చేసి చస్తాడు. రెండోవాడి ప్రాణానికి ఎంత ఇయ్యాలని ఆమె బేరం చేస్తుండగానే వాణ్ణి కాల్చేస్తారు. శవాన్ని తెచ్చి చూపితే ఎవరో తెలియదంటుంది. మూగ కూతురు కాట్రిన్, నిద్రపోతున్న పట్టణాన్ని లేపడానికి కప్పు ఎక్కి డప్పు కొడుతూ తూటాకు ఒరుగుతుంది. తల్లి మళ్లీ బండి కాడి భుజానికెత్తుకుంటుంది, సైన్యం వెనక పోవడానికి.

1941 ఏప్రిల్‌లో జ్యూరిక్‌లో మొదటి ప్రదర్శన. బయట హిట్లరు యుద్ధం. జనం ఏడ్చారు. పిల్లల్ని పోగొట్టుకున్నా తలవంచని మహాతల్లి అని పత్రికలు రాశాయి. బ్రెహ్ట్‌కు ఇది ఓటమిగా అనిపించింది. ఆయన దృష్టిలో ఆమె యుద్ధానికి బలి అయినంతగా యుద్ధంలో వాటాదారు కూడా. దాంతో కలం పట్టుకుని ఆమెను మరింత వ్యాపారిగా మార్చాడు. గాయపడ్డవాళ్లకు కట్టుకట్టడానికి తన సరుకులోని చొక్కాలు ఇయ్యనని గింజుకునేట్టు రాశాడు. 1949 జనవరిలో కూలిన గోడల మధ్య ఉన్న బెర్లిన్‌లో ఆయన భార్య హెలెనె వైగెల్ ఆ పాత్ర వేసింది. చివర్లో కూతురి శవాన్ని పాతిపెట్టమని రైతులకు డబ్బులిస్తుంది. ఇయ్యబోయేముందు నాణేల్ని చూసుకుని ఒకటి తిరిగి సంచిలో వేసుకుంటుంది. ఒక్క నాణెం! తల్లి దుఃఖమూ వ్యాపారి చెయ్యీ రెండూ అందులో ఉన్నాయి. వెయ్యి పేజీల సిద్ధాంతం కంటే ఆ చెయ్యి కదలిక ఎక్కువ చెబుతుంది.

అయినా బెర్లిన్ జనం ఏడ్చారు. ఏడ్వరా మరి? ఆ హాలులో కొడుకును పోగొట్టుకోనివాళ్లు ఎందరుంటారు? అప్పుడే తోటి నాటకకర్త ఫ్రీడ్రిష్ వోల్ఫ్ ఒక ప్రశ్న వేశాడు. ఇంత జరిగినా ఆ తల్లికి బుద్ధి రాకుండా చూపించడం ఏమిటి, చివర్లో ఆమె యుద్ధాన్ని శపిస్తే జనానికి దారి దొరికేది కదా అని. ఇది మన దగ్గర ప్రతి రచయితకూ ఎదురయ్యే ప్రశ్నే. కథ చివర్లో పిడికిలి బిగించాల్సిందే, లేకపోతే ప్రగతిశీలం కాదంటారు. బ్రెహ్ట్ జవాబు సారాంశం ఇది: ఆమె నేర్చుకోకపోయినా, ఆమెను చూసి ప్రేక్షకుడు నేర్చుకోవచ్చు. మా ఉద్దేశంలో ఈ వాదనలో బ్రెహ్టే నెగ్గాడు. వేదిక మీద పాత్ర మేలుకుంటే ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి తన వంతు అయిపోయిందనుకుంటాడు. పాత్ర నిద్రలోనే పోతుంటే కూర్చున్నవాడికి గొంతు చించుకుని అరవాలనిపిస్తుంది.

‘ఇవన్నీ మన జానపద కళల్లో ఎప్పుడో ఉన్నాయి, ఆయన కొత్తగా చెప్పిందేంది’ అనేవాళ్లు మనలో ఉన్నారు. సగం నిజం. ఒగ్గుకథలో కథకుడు కాసేపు కథ చెబుతాడు, మరుక్షణం తానే పాత్ర అవుతాడు, పక్కవాడు ‘తర్వాతేమైంది’ అని అడ్డం పడతాడు. పద్యనాటకంలో చచ్చిపడ్డ రాజు ‘వన్స్‌మోర్’ వినగానే లేచి పద్యం పాడి మళ్లీ చస్తాడు. ఎవరికీ భ్రమ చెడదు, ఎందుకంటే భ్రమ ఎవరికీ లేదు. బ్రెహ్ట్ కూడా ఆసియా నుంచి నేర్చుకున్నట్టు దాచుకోలేదు. 1935లో మాస్కోలో చైనా నటుడు మై లాన్‌ఫాంగ్, వేషం మేకప్పు లేకుండా స్త్రీ పాత్రను అభినయించి చూపగా చూసి దాని మీద వ్యాసం రాశాడు. అయితే పాత్ర నుంచి దూరం జరగడం ఒక్కటే ఆయన అడిగింది కాదు. ఆ దూరంలో నిలబడి చూస్తే దేవుడి మహిమ కనిపిస్తుందా, పటేలు అన్యాయం కనిపిస్తుందా అన్నది అసలు సంగతి. రూపం మనదగ్గర ఉంది కదా అని మీసం తిప్పితే సరిపోదు. ఇది గ్రహించినవాడు హబీబ్ తన్వీర్. 1956లో ఆయన బెర్లిన్ చేరేసరికి బ్రెహ్ట్ లేడు, ఆగస్టు 14న పోయాడు. ఆయన కట్టిన బెర్లినర్ ఎన్సెంబుల్ నాటకాలను నెలల తరబడి చూసి తిరిగొచ్చి, తన్వీర్ జర్మన్ నాటకానికి నకలు తీయలేదు. ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులను, వాళ్ల యాసతో సహా, వేదిక మధ్యలో నిలబెట్టాడు. 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’ అట్లా వచ్చింది.

ఇంతకూ బ్రెహ్ట్‌ను పూజించాలా? ఆయన పద్ధతిలోనే ఆయన్ను చూద్దాం. 1947 అక్టోబరు 30న అమెరికా ప్రతినిధుల సభ కమిటీ కమ్యూనిస్టువా అని పిలిచి అడిగితే తెలివిగా జవాబులు చెప్పి, మర్నాడే విమానమెక్కాడు. ఆ తెలివిని మెచ్చుకుంటాం. 1953 జూన్ 17న తూర్పు బెర్లిన్‌లో పని కొలతలు పెంచినందుకు కార్మికులు వీధుల్లోకొస్తే సోవియట్ ట్యాంకులు వచ్చాయి. బ్రెహ్ట్ పార్టీ నాయకుడు ఉల్‌బ్రిష్ట్‌కు ఉత్తరం రాశాడు. ప్రజలతో చర్చ జరగాలన్న భాగం తీసేసి, పార్టీకి సంఘీభావం చెప్పిన చివరి వాక్యం ఒక్కటే పార్టీ పత్రిక అచ్చేసింది. ఆయన బహిరంగంగా కొట్లాడలేదు. చేదు వ్యంగ్యంతో ఒక చిన్న కవిత రాసి దాచుకున్నాడు, అది ఆయన పోయాకనే అచ్చయింది. గెలీలియో చేత పశ్చాత్తాపపు మాటలు పలికించినవాడికి తన మౌనం బరువు తెలియకుండా ఉండదు. ఇక ‘మూడు పైసల’ నాటకానికి ఆధారమైన ఇంగ్లీషు నాటకాన్ని అనువదించి ఇచ్చిన ఎలిజబెత్ హౌప్ట్‌మన్‌కు రాబడిలో దక్కింది 12.5 శాతం, వైల్‌కు 25, బ్రెహ్ట్‌కు 62.5. మార్గరెటె స్టెఫిన్, రూత్ బెర్లౌ కష్టం కూడా ఆ నాటకాల వెనక ఉంది. శ్రమదోపిడీ మీద అంత బాగా రాసినాయన ఇంటి లెక్క ఇది.

నాటకం విషయంలో కూడా ఒక తగాదా మిగిలే ఉంది. ‘కాకేషియన్ చాక్ సర్కిల్’ 1944లో అమెరికాలో రాశాడు. పాత చైనా కథలో సుద్దముక్కతో గీసిన గీతలో బిడ్డను నిలబెట్టి ఇద్దరు తల్లుల్ని లాగమంటే, బిడ్డకు నొప్పి తగులుతుందని వదిలేసేది కన్నతల్లి. బ్రెహ్ట్ దాన్ని తిరగేశాడు. అల్లర్లలో కన్నతల్లి చీరెలు సర్దుకునే తొందరలో బిడ్డను వదిలిపోతే, పనిమనిషి గ్రూషా ఎత్తుకుని కొండలు దాటి సాకుతుంది. గీత దగ్గర చెయ్యి వదిలేసేది ఆమెనే, బిడ్డ ఆమెకే దక్కుతుంది. రక్తం కంటే సాకిన చెయ్యి పెద్దది. ఇక్కడిదాకా మాకు పేచీ లేదు.

కానీ ఈ కథకు ముందు ఒక ఘట్టముంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక రెండు సోవియట్ సహకార క్షేత్రాలవాళ్లు ఒక లోయ గురించి కూర్చుని మాట్లాడుకుంటారు. మేకల కాపరులు యుద్ధం వల్ల లోయ విడిచి పోయారు, తిరిగి రావాలనుకుంటున్నారు. పక్క క్షేత్రంవాళ్లు అక్కడ ఆనకట్ట కట్టి 300 హెక్టార్లలో పండ్లతోటలకు నీళ్లు పారిస్తామంటారు. కొత్తచోట గడ్డి రుచే వేరని కాపరుల ముసలాయన గొణుగుతాడు. పథకం పటం విప్పి చూపగానే కాపరులు నవ్వుతూ ఒప్పేసుకుంటారు. బిడ్డ సాకినామెది అయినట్టు, లోయ బాగా వాడుకునేవాళ్లదని నాటకం తర్కం.

వినడానికి బాగుంది. ఒక్కసారి శ్రీశైలం ముంపు ఊళ్లవాళ్ల దగ్గర, నర్మదా లోయ ఆదివాసుల దగ్గర ఈ మాట అని చూడండి. ‘మీకంటే మేం బాగా వాడుకుంటాం’ అనని ఆనకట్ట ప్రపంచంలో ఉందా? భూమి వాడుకునే తెలివి మాకుంది, మీకు లేదు అని చెప్పి లాక్కోని దొర ఉన్నాడా? బ్రెహ్ట్ కాపరులు చర్చించి ఒప్పుకున్నారు నిజమే. కూర్చోబెట్టి మాట్లాడటమన్నా జరిగింది, మన దగ్గర అదీ జరగదు. కానీ అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నారు? ‘కాదనేవాడు’ రాయించిన బడిపిల్లలు ఆ లోయలో ఉంటే ఊరుకునేవాళ్లా?

ఇంకో సంగతి చూడండి. ఒప్పందం అయ్యాకనే పాటగాడు వచ్చి సుద్దగీత కథ మొదలుపెడతాడు, కాపరులు పక్కన కూర్చుని వింటారు. కథ అయిపోతుంది, జనం నాట్యం చేస్తారు, పాటగాడు ముగింపు పలుకుతాడు. లోయ వదులుకున్నవాళ్లు మళ్లీ నోరు విప్పరు. రేపు ఈ నాటకం ఆడేవాళ్లు ఎవరైనా ఆ గడ్డి రుచి చెప్పిన ముసలాయనను చివర్లో ఇంకోసారి వేదిక మీదికి తెచ్చి, ‘కథ విన్నవు కదా, ఇప్పుడేమంటవు?’ అని అడిగి చూడాలె.